వావ్రా చెరువులో విషం

నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. తప్పులుంటే సర్దుకోండి. నెమ్మదిగా రాస్తాను, మీరూ నెమ్మదిగానే చదవండి.

జులై ఎండలో చెరువుల యజమాని మిలోష్ వావ్రా వచ్చి డిటెక్టివ్ కోలార్ ఎదుట కుర్చీలో కూలబడ్డాడు.

"నా బంగారుతీగ చేపలన్నీ చచ్చిపోతున్నాయండీ. కాపలావాడు ఆల్బీన్ విషం కలిపాడు. మొన్న తిట్టాను, ఆ కసి. ఆదివారంలోగా ఇల్లు ఖాళీ చెయ్యమన్నాను. ఆ తర్వాత పోలీసులకి పట్టిస్తా."

కోలార్ నిట్టూర్చి టోపీ అందుకున్నాడు. సహాయకురాలు హెద్వికా వెంట నడిచింది.

గట్టు మీద చచ్చిన చేపలు కుప్పగా ఉన్నాయి. కళ్లు గుంటలు పడ్డాయి, మొప్పలు తెల్లగా కుళ్లాయి. నీళ్లలో వేరే జాతి పైక్ చేపలు మాత్రం హుషారుగా తిరుగుతున్నాయి. వావ్రా చేపలకు వీపు మీద కొన్ని పెద్ద పొలుసులే ఉంటాయి. కుప్పలో ఒకదానికి మాత్రం ఒళ్లంతా చిన్న పొలుసులు. కోలార్ దాన్నే చాలాసేపు చూశాడు. మొప్పలు కోసి పశువైద్యుల ప్రయోగశాలకు పంపాడు.

శనివారం జవాబు వచ్చింది. ఆల్బీన్ అప్పటికే సామాను బండికెక్కించాడు. కోలార్ అందరినీ వావ్రా వంటింట్లో కూర్చోబెట్టాడు.

"పర్సులు తియ్యండి."

క్రిస్మస్‌కి వండుకునే చేప పొలుసును, డబ్బు నిలుస్తుందని ఏడాదంతా పర్సులో దాచుకోనివాళ్లు మా వైపు లేరు.

"నా పర్సులో అది తప్ప ఇంకేం లేదు సార్, పట్టుకుపోండి" అన్నాడు ఆల్బీన్.

అతనిదీ వావ్రాదీ పెద్ద పొలుసులు. వావ్రా తల్లి బొజెనాది చిన్నది.

"బామ్మగారూ, ఇది మీ అబ్బాయి చేపది కాదు."

"ఊరందరికీ చేపలమ్మి, అమ్మకి తేవడం మర్చిపోయాడు వీడు! క్రిస్మస్‌కి బతికున్నదాన్ని పట్నంలో కొనుక్కున్నా. స్నానాల తొట్టిలో ఉంచి రోజూ కబుర్లు చెప్పా. ఈ పొలుసు ఆ తొట్టిలో రాలిందే. ఇంక కత్తి ఎలా పెట్టేది? బకెట్లో పెట్టి బస్సెక్కించి ఇక్కడి చెరువులో వదిలా."

"సార్, మరి విషం?" అంది హెద్వికా.

"విషమైతే పైక్‌లూ చచ్చేవి. ఇది బంగారుతీగల్నే చంపే వైరస్. చలికి అణిగి ఉంటుంది, నీళ్లు వెచ్చబడ్డాక లేస్తుంది. డిసెంబరులో వదిలిన చేప తెచ్చిన జబ్బు జులైలో బయటపడింది. వావ్రా గారూ, మిగిలినవాటినీ చంపాల్సిందే."

బొజెనా పొలుసును బల్ల మీద పెట్టింది. "ఒక్కదాన్నయినా బతికించాననుకున్నానురా."

వావ్రా లేచాడు. "ఆల్బీన్, సామాను దించుకో."

"ఎక్కించమన్నది మీరు. మీరే దించండి."

వావ్రా చొక్కా చేతులు మడుచుకుని బండి దగ్గరికి వెళ్లాడు.

ఇలోనా దంకోవా, డెబ్బై మూడేళ్లు. ఇప్పుడు తాబోర్‌లో ఉంటున్నాను.