అరగంట ముందున్న ఇల్లు

సోమవారం పొద్దున ఎమ్మిగనూరులో మారుతి పళ్లెంలో బొరుగుల ఉగ్గాని సగంలో వదిలేసి ఆదోని మిల్లు బస్సుకు పరుగెత్తాడు. కొడుకుకు ఆ బస్సు తప్పకూడదని ఉచ్చీరమ్మ గోడ గడియారాన్ని అరగంట ముందుకు తిప్పిపెట్టి ఆరేళ్లయింది. అయినా ఆ మహానుభావుడి పరుగు మాత్రం తగ్గలేదు!

ఇంటి పనులు ముగించి కోడలు మహాదేవి గదిలోకి పోయి తలుపేసుకుంది. ఉచ్చీరమ్మ చెవులు ఆ తలుపుకే అతుక్కున్నాయి.

"సాయీ, లోపలికి రానీయడంలేదు. పదకొండులోపు కాకపోతే నా పని అయిపోయినట్టే" అంటోంది కోడలు ఫోన్లో.

ఎవడీ సాయి? ఉచ్చీరమ్మ తలుపుకు ఇంకా దగ్గరగా జరిగింది.

లోపల మహాదేవి లాప్‌టాప్ ముందు కూర్చుంది. బెంగుళూరు కంపెనీలో ఆమెను ఉంచుకునేదీ లేనిదీ ఈ రోజే తేలుతుంది. కంపెనీ క్లస్టర్‌లో, అంటే కలిసి పనిచేసే కంప్యూటర్ల గుంపులో, ఒక్కో ప్రోగ్రామును విడిగా నడిపే పెట్టెల్లాంటి కంటైనర్లు వందలుంటాయి. వాటి మధ్య దారులు చూసే నెట్‌వర్క్ టూల్‌ను ఇంటినుంచే కలిపి చూపించాలి. నల్లటి తెరమీద కమాండ్లు కొట్టింది. సెట్టింగుల ఫైల్లో క్లస్టర్ చిరునామా రాసింది, సాయి పంపిన తాళంచెవి లాంటి ఫైలు ఎక్కడుందో కూడా రాసింది. ఎంటర్ కొడితే ఒకటే జవాబు: గడువు తీరిపోయింది. ఆ తాళంచెవి ఇరవై నిమిషాలే పనిచేస్తుంది, నిజమే. కానీ వచ్చి రెండు నిమిషాలన్నా కాలేదే!

శనివారం దాకా బాగుండింది. నిన్న తాను కోడుమూరు పోయినప్పుడు ఎవరో లాప్‌టాప్ ముట్టుకొని ఉంటారు. ఎవరో ఏమిటి, ఇంకెవరు? విసురుగా తలుపు తీసింది. అత్త అక్కడే నిలబడి ఉంది.

"ఎవరమ్మీ ఆ సాయి? తలుపేసుకోని ఏం మాటలు?"

"మా టీమ్ లీడరు. నిన్న నా లాప్‌టాప్ ఎవరు ముట్టినారత్తా?"

ఉచ్చీరమ్మ చూపు తిప్పుకుంది.

"నిజం సెప్పు. నేను ఉద్యోగం సేసేది నీకు మొదట్నుంచీ ఇష్టంలేదు. అది పోతే నీ కడుపు సల్లగుంటుందా?"

"నోరు మూసుకో!" ముసలామె కసిరింది. "ముట్టింది మారుతి. ముట్టమన్నది నేను."

"ఏం సేసినారు?"

"పోయిన నెల మీటింగుకు లేటయిందని మీ కంపెనీవాళ్లు తిడితే వంటింట్లో కూసోని ఏడిస్తివి. సూడలేకపోతి. దాంట్లో టైము కూడా గోడ గడియారం మాదిరి ముందుకు పెట్టమంటి. తెలిస్తే నువ్వు మళ్లీ నిదానిస్తావని నీకు సెప్పొద్దంటి."

మహాదేవి తెరమూలకు చూసింది. పదకొండూ పన్నెండు. చేతిలో ఫోను చూసింది. పదీ నలభైరెండు. అరగంట ముందుకు పోయిన లాప్‌టాప్ లెక్కలో ప్రతి తాళంచెవీ వచ్చేటప్పటికే పాతది! టైము సరిచేసింది, సాయిని అడిగి కొత్త తాళంచెవి తెప్పించుకుంది, కమాండు కొట్టింది.

క్లస్టర్‌లోని యంత్రాల పేర్లన్నీ వరసగా తెరమీదికి వచ్చాయి. ఫోన్లో సాయి "సూపర్ మహాదేవీ, కనెక్ట్ అయింది" అన్నాడు.

ఉచ్చీరమ్మకు అదేమీ పట్టలేదు. గోడ గడియారం వైపే చూస్తోంది. పదకొండూ ఇరవై. ఆరేళ్లుగా ఆమెకు అదే అసలు టైము.

"పదకొండు దాటిపాయ కదమ్మీ! నా సేతులారా నీ పని పోగొడితినే!" అని కొంగు నోట్లో కుక్కుకుంది.

మహాదేవికి ఏడుపు ఆగలేదు. పోయి అత్తను గట్టిగా పట్టుకుంది.

"మన ఇంట్లో దాటిందత్తా. కంపెనీలో ఇంకా పదినిమిషాలుంది."

ఆ రోజునుంచి మహాదేవి పనిచేసేటప్పుడు గది తలుపు వేసుకోలేదు.