అత్తగారి తలలకు నకళ్లు

పొద్దున్నే కాఫీ కప్పుతో కోడలి బల్ల పక్కగా వెళుతున్న అత్తగారు ఠక్కున ఆగిపోయారు. కోడలు స్నానానికి వెళ్లింది. తెరిచి ఉంచిన కంప్యూటర్‌లో, రోజుకొకటిగా తేదీలేసిన ఫైళ్ల పక్కన, "మేడమీద టీచరమ్మ, నడినెత్తిన పలచన" అని కనిపిస్తోంది.

అది తన ఫోన్‌లో మాత్రమే ఉండాల్సిన తల!

అత్తగారు విగ్గులు తయారుచేస్తారు. ముందుగదే దుకాణం. ఎవరి తల ఎంత, ఎవరికి ఏ రంగు పాయలు కలపాలి, అన్నీ ఫోన్‌లోని నోట్స్ యాప్‌లో రాసుకుంటారు. వీధిలో సగం మంది తలెత్తుకు తిరుగుతున్నారంటే అది ఆవిడ చలవే. ఆ సంగతి బయటపడితే మాత్రం తల దించుకోవాల్సిందీ ఆవిడే. విగ్గున్నవాళ్లకే సిగ్గెక్కువ మరి!

అసలే ఆవిడ అనుమానాల పుట్ట. స్టవ్వు కట్టేసి, కట్టేశానా అని స్టవ్వునే అడిగే రకం. కోడలు ఈ వివరాలు వేరే దుకాణానికి అమ్ముకుంటోందని అక్కడే ఖాయం చేసేసుకున్నారు.

కోడలు తలకు స్కార్ఫు చుట్టుకుని బయటికొచ్చింది. పాప పుట్టినప్పటి నుంచి ఆ స్కార్ఫు లేకుండా ఎవరికీ కనపడదు.

"ఎవరికి అమ్ముతున్నావమ్మా?"

"ఏంటి అత్తయ్యా?"

"నా తలలు! తేదీలేసి మరీ, రోజుకో కట్ట!"

కోడలు తల అడ్డంగా ఊపింది. "అమ్మడం కాదండీ. మీ ఫోన్ బ్యాటరీ ఉబ్బిపోయింది, చూశారుగా, ఎప్పుడైనా పాడవచ్చు. ఆ యాప్ రోజూ తనంతట తనే బ్యాకప్ తీస్తుంది. దాన్ని ఇందులోకి తెచ్చి తెరిస్తే మనిషికి అర్థంకాని ముద్ద. దాన్ని విడదీసి, చదువుకునేలా, కావాలంటే మళ్లీ ఫోన్‌లోకి ఎక్కించుకునేలా చిన్న ప్రోగ్రామ్ రాశాను."

"నన్నడగాలా వద్దా?"

"అడిగాను. నా పనిలో తలదూర్చకు అన్నారు."

"అందుకని తలలే ఎత్తుకుపోయావా? తలుపేసుకుని, నన్ను నమ్మి, టోపీ తీస్తారమ్మాయ్ నా ముందు! అవి ఇంకొకళ్లకి చూపించడానికి నావా ఆ తలలు?"

కోడలు మంచికే చేసింది, కానీ చెప్పకుండా చేసింది. "తప్పే అత్తయ్యా. ఇప్పుడే చెరిపేస్తాను."

"ఆగు. ఏమేం పట్టుకుపోయావో ముందు చూడనీ."

అత్తగారు కుర్చీ లాక్కుని పోలీసులా కూర్చున్నారు. ఒక్కో పేజీ తిప్పారు.

"టీచరమ్మ ఫొటో ఏది?"

"ఏ ఫొటో?"

"పాయ ఫొటో. 'రంగు కింద ఫొటోలో చూడు' అని రాసుకున్నాగా. రాత ఉంది, పాయ మాయం!"

కోడలు గబగబా వెతికింది. ఏ పేజీలోనూ ఫొటోల్లేవు. ప్రోగ్రామ్ అక్షరాలను ఏరుకుని బొమ్మలను వదిలేస్తోంది. నెలల తరబడి అంతా భద్రమనుకుంది తను. ఒక్కసారైనా వెనక్కి తెచ్చి చూడలేదు.

"మీరు అనుమానించకపోతే ఫోన్ పాడైన రోజే తెలిసేది అత్తయ్యా," అంది నీరసంగా.

"నా అనుమానానికి ఈ ఇంట్లో ఇదే మొదటి మెప్పు," అన్నారు అత్తగారు. కోపం సగం దిగింది. "చెరపకు. సరిచెయ్యి. పాస్‌వర్డ్ మాత్రం నేను పెడతాను. నువ్వు అటు తిరుగు."

మధ్యాహ్నానికి ప్రోగ్రామ్ ఫొటోలను కూడా పట్టుకొచ్చింది. మూలన పడున్న పాత ఫోన్‌ను ఖాళీ చేసి, కోడలు అందులోకి అన్నీ ఎక్కించింది. అత్తగారు సొరుగులోంచి అసలు పాయలు తీసి, తెర పక్కన పెట్టి, కళ్లు చికిలించి ఒక్కొక్కటే పోల్చారు. ఎంతకీ తల ఊపరు.

"ఒక తల తక్కువైంది," అన్నారు చివరికి.

కోడలు మళ్లీ తెర మీదికి వంగింది. "ఎవరిదండీ?"

అత్తగారు లేచి తలుపు గడియ వేశారు. మెడలో వేలాడుతున్న టేపు చేతిలోకి తీసుకున్నారు.

"నీది. పాప పుట్టినప్పటి నుంచీ నాకు అనుమానమే. అడక్కుండా తలదూర్చకూడదని ఇన్నాళ్లూ ఆగాను. ఇప్పుడు అడుగుతున్నాను. కొలవనా, అమ్మాయ్?"

కోడలు కళ్లు తుడుచుకుని, మెల్లగా స్కార్ఫు ముడి విప్పింది.