వినిపించని వైపు

"ఒవీడియో రేపు పదకొండు గంటలకు నోరు విప్పుతాడు. ఆలోపే అతన్ని లేపేయాలని చూస్తారు," అన్నాడు కమాండర్ ఫరీయాస్.

ఒవీడియో కేబుల్ ఇంజనీరు. వల్పరైసో రేవు నుంచి సముద్రం అడుగున వెళ్లే కేబుల్‌కి ఒక విదేశీ ముఠా రహస్యంగా తీగ తగిలించి సర్కారు మాటలన్నీ వింటోందని కనిపెట్టినవాడు. ఫైల్లో ఆ ముఠా పేరు 'పెలికన్'. సొతొమయోర్ చౌక్ దాటించి అతన్ని నౌకాదళ భవనానికి చేర్చాలి.

"కాపలావాళ్లందరికీ ఇవాళే చెవి పరీక్ష. జనంలో చప్పుడు ఎటునుంచి వచ్చిందో తెలియనివాళ్లు నాకొద్దు."

కాపలావాళ్ల వరసలో ఉన్న ఏజెంట్ ఇగ్నాసియా చేయి ఎడమ చెవి మీదికి వెళ్లబోయి ఆగింది.

నిరుడు సొరంగం పేలుడులో ఆమె ఎడమ చెవి పోయింది. ఎవరికీ చెప్పలేదు. అప్పట్నించీ ఏ శబ్దమైనా కుడివైపు నుంచే వచ్చినట్టుంటుంది. పక్కవాళ్ల తలలు ఎటు తిరిగితే అటు తిరుగుతూ నెట్టుకొచ్చింది. ఒక్కసారే కుదరలేదు. ఏప్రిల్లో స్మగ్లర్ల గోదాములో, పొగలో, తూటా తగిలిన సహచరుడు రెనాటో "ఇగ్నా!" అని పిలిచాడు. ఆమె కుడికి పరుగెత్తింది. అతను ఎడమన, పది అడుగుల్లో పడి ఉన్నాడు. ఆమె చేరేసరికి ప్రాణం పోయింది.

పరీక్ష చేసేది రెనాటో భార్య, డాక్టర్ మిరేయా. నల్లబట్టల్లోనూ సినిమాతారలా ఉంటుంది. ఇగ్నాసియా కళ్లకు వీఆర్ హెడ్‌సెట్ బిగించింది.

"మామూలు గదిలో అయితే స్పీకర్లు చూసి చెప్పేస్తారే మీ దొంగమొహాలు. ఇందులో ఆ ఆటలు సాగవు."

కళ్ల ముందు మంచు కమ్మిన చౌక్. మనిషన్నవాడు లేడు. కుక్క మొరిగింది. ఓడ కూసింది. ఎవరో మగమనిషి సాయం కోసం కేక వేశాడు. ప్రతిసారీ ఇగ్నాసియా చేయి కుడివైపే చూపించింది.

హెడ్‌సెట్ తీసేసరికి మిరేయా తెరకేసి చూస్తోంది.

"ఎప్పట్నించి?"

"సొరంగం పేలినప్పట్నించి."

"అంటే, ఏప్రిల్‌కి ముందే."

ఇగ్నాసియా తల దించుకుంది.

"పోనీలే," అంది మిరేయా తెర ఆర్పేసి. "రిపోర్టు నేను చూసుకుంటాను. ఇంటికి పో."

కొండెక్కే లిఫ్టుబండిలో ఇగ్నాసియా వెక్కివెక్కి ఏడ్చింది. తనని ఒకరు క్షమించారు.

మర్నాడు ఒవీడియో భార్య వేషంలో, అతని చేయి పట్టుకుని చౌక్‌లో నడుస్తోంది. కుడివైపు ఎక్కడో పాట మోగుతోంది. కుడి చెవిలోని ఇయర్‌పీస్‌లో ఫరీయాస్ గొంతు: "ఎడమ పక్కే ఉండు. నీ ఎడమ చెవి అందరికంటే పదునట. డాక్టర్ ప్రత్యేకంగా రాసింది."

ఇగ్నాసియా ఎడమ పక్కకు మారింది. తనను కాపాడాలంటే పాసయిందని రాస్తే చాలు. చచ్చిన చెవిని పొగడడం ఎందుకు?

అప్పుడు అర్థమైంది: తనను ఈ పక్కన నిలబెట్టించడానికే.

"సర్, నా ఎడమ చెవి పనిచెయ్యదు. ఏడాదైంది."

"ఏం వాగుతున్నావ్?"

"వాళ్లు ఎడమనుంచే వస్తారు!"

తల తిప్పింది. కుడివైపు ఎక్కడో అనుకున్న పాట ఆరడుగుల దూరంలో, ఎడమనే మోగుతోంది. చేతి ఆర్గాన్ అనే పాటల పెట్టె తిప్పే ముసలాడు. ఒక చేయి పిడి తిప్పుతోంది. రెండో చేయి పెట్టె కిందనుంచి సైలెన్సర్ తుపాకీతో బయటికొస్తోంది. ఒవీడియోని నేలకు తోసి ఆమె కాల్చింది. ముసలాడి తూటా ఒవీడియో టోపీని ఎగరగొట్టింది. ముసలాడు పెట్టె మీదే ఒరిగిపోయాడు.

పదకొండింటికి ఒవీడియో నోరు విప్పాడు.

మిరేయా పారిపోలేదు. క్లినిక్‌లో వైర్లు చుట్టుకుంటూ కూర్చుంది.

"పెలికన్ వాళ్లు ఆర్నెల్లుగా వెంటపడ్డారు. ఛీ పొమ్మన్నాను. నిన్న సాయంత్రం నేనే ఫోన్ చేసి ఎడమనుంచి రమ్మన్నాను."

"ఒవీడియో నీకేం చేశాడే?"

"ఏమీ లేదు. రిపోర్టులో నిజం రాస్తే నీ ఉద్యోగం పోయేది, అంతే. ఇంకొకడు నీ పక్కనే చస్తే నీ గుట్టు అందరి ముందూ బయటపడుతుందనుకున్నాను." చుట్టడం ఆపింది. "ఆ రోజు గోదాములో ఆయన ఎన్నిసార్లు పిలిచాడు?"

"నాలుగుసార్లు."

మిరేయా మొహం చేతుల్లో దాచుకుంది. ఇగ్నాసియా ఆమె భుజం మీద చేయి వేయబోయి, వెనక్కి తీసుకుంది.

బయట మెట్ల మీద ఫరీయాస్ ఇగ్నాసియా ఎడమ పక్కన కూర్చుని ఏదో చెప్పాడు. డిస్మిస్ అన్నాడో, మెడల్ అన్నాడో తెలియలేదు.

"ఇటు పక్కకొచ్చి చెప్పండి సర్. అటు వినపడదు."

ఆ మాట అడగడానికి ఆమెకు ఏడాది పట్టింది. ఆయన లేచి ఇటు రావడానికి రెండడుగులు పట్టాయి.