చిప్‌సెట్‌కు దూపైన రోజు

ఆ వేళ పొద్దున ఎనిమిదింటికే వరంగల్ మీద ఆకాశం సున్నం కొట్టిన గోడలా తెల్లబడింది. మబ్బు తునకన్నది లేదు. కొత్తవాడలో మగ్గాలు అప్పటికే ఆడుతున్నాయి.

మగ్గాల ఇంటి వెనక గదిలో ఉండే ఓంప్రకాశ్ ఆ వాడకు జంపఖానాల డిజైన్లు కంప్యూటర్ మీద గీసే మనిషి. నిజానికి కేంద్ర గూఢచారి శాఖ ఏజెంట్. కోడ్‌నేమ్ పడుగు. చెవిలోని వినికిడి మిషన్ అతని వైర్‌లెస్.

పదకొండు కావస్తుండగా అందులో భరత్ గొంతు పలికింది. హైదరాబాద్ కంట్రోల్ రూమ్.

"పేక తెగింది."

పేక అంటే సుకన్య. నల్ల కళ్లద్దాలు, సెంటు వాసన, నాలుగు భాషలు. రెండేళ్లుగా విదేశీ ముఠాలో వాళ్ల మనిషిలా తిరుగుతూ వీళ్లకు కబుర్లు చేరవేస్తున్న డబుల్ ఏజెంట్. ముఠా కనిపెట్టేసింది.

"పన్నెండింటికి చంపేస్తారు. ఎక్కడ దాచారో చెప్పే మెసేజ్ చిక్కింది, కోడ్‌లో ఉంది. దాన్ని విప్పే కీ నీ కంప్యూటర్‌లోనే ఉంది. నలభై నిమిషాలు ఆగకుండా నడవాలి. ఆగితే మళ్లీ మొదటికే."

"ఈ ఎండకు మదర్‌బోర్డు మీద చిప్‌సెట్ తట్టుకోదు. నూట అయిదు డిగ్రీలకు దానంతటదే ఆగిపోతుంది."

"రెండు కిట్లూ పంపాం కదా. ఎయిర్ కూలింగా, వాటర్ కూలింగా?"

"మీరు చెప్పండి."

"స్పాట్‌లో ఉన్నది నువ్వు."

ఫ్యాన్ పెడితే మగ్గాల నూలు దుమ్ము పీల్చి పది నిమిషాల్లో బిగుసుకుపోతుంది. మగ్గాలు ఆపిద్దామంటే, ముఠా మనిషి ఒకడు ఎదురుగా చాయ్ బండి దగ్గర వాడ మీద కన్నేసి కూర్చున్నాడు. చప్పుడు ఆగితే వాడికి అనుమానం.

"వాటర్," అన్నాడు ఓంప్రకాశ్.

చిప్‌సెట్ మీద రాగి బిళ్ల బిగించి, పైపులు తగిలించి, నల్లా తిప్పి బకెట్ నింపి, కూలర్ మోటరు అందులో దింపాడు. పదకొండూ అయిదుకు డీకోడర్ మొదలైంది.

ఎనభై. తొంభై. తొంభై ఆరు.

"నీళ్లు తిరుగుతున్నాయా?"

"తిరుగుతున్నాయి."

"మరైతే తగ్గాలే," అన్నాడు భరత్, నెమ్మదిగా.

కళ్లు మూసుకుని తుపాకీ విప్పి బిగించగల ఓంప్రకాశ్ చేతులు ఒళ్లో ఊరికే పడి ఉన్నాయి. 'నేను దొరికితే వస్తావా?' అని సుకన్య ఒకసారి తమాషాకు అడిగింది. తమాషాకే వస్తానన్నాడు.

నూట రెండు.

మగ్గాల ఇల్లుగలామె కట్టమ్మ తొంగిచూసింది. "ఏంది బిడ్డ, మొకం గట్ల వెట్టినవ్?"

"మిషన్ కాలిపోతాంది అవ్వా. నీళ్లు పెట్టినా తగ్గుతలేదు."

ఆమె బకెట్లో వేలు పెట్టి చటుక్కున తీసింది. "మిద్దె మీది ట్యాంకి నీళ్లు గివి. పొద్దెక్కినంక గా నల్లా ఇప్పితె ఆలుగడ్డలుడుకుతయ్. గింత సదువుకున్నోనివి, వేలు వెట్టి సూడవా?"

మాన్యువల్‌లో పైపు కొలత ఉంది, మోటరు వేగం ఉంది. నీళ్లు చల్లగా ఉండాలని ఎవరూ రాయలేదు.

"నీ పెట్టెకు దూపయితాంది గాని, రా, ఓ చెయ్యి వట్టు."

గడప అవతల ఇసుకలో కుదురుగా ఉన్న రంజన్ కుండను ఇద్దరూ ఎత్తుకొచ్చారు. ఇంటిల్లిపాది దూప తీర్చే తాగునీళ్లు. ఆమె వేడినీళ్లు తోడి పారబోస్తుంటే అతను చల్లనీళ్లు పోశాడు. నూట నాలుగు. ఇంకో చెంబు. నూట నాలుగే. రంజన్ బోర్లించాడు. నూట మూడు. తొంభై ఎనిమిది.

పదకొండూ నలభై అయిదుకు తెర మీద అక్షరాలు పడ్డాయి: ధర్మసాగర్ రోడ్డు, మూతపడ్డ జిన్నింగ్ మిల్లు.

భరత్ అది చదివించుకుని లైన్ కట్ చేశాడు. ఇక చేయడానికేమీ లేదు. పన్నెండు దాటింది. పన్నెండూ పదికి చెవిలో మళ్లీ భరత్ గొంతు పలికింది.

"పేక దొరికింది. కణతకు తుపాకి ఆనించి ఉండగా మనవాళ్లు తలుపు విరగ్గొట్టారు. మీ చాయ్ బండి దగ్గరివాణ్ణి కూడా జీపెక్కిస్తున్నారు."

ఒంటిగంటన్నరకు సుకన్య వచ్చింది. కళ్లద్దాలు లేవు. మణికట్ల మీద తాడు వాతలు. ఎవరని కట్టమ్మ అడగలేదు. ఇంకో కంచం పెట్టి అన్నం, పప్పు, మామిడికాయ తొక్కు వడ్డించింది.

"మాట్లాడకుంట మెల్లగ తినుండ్రి. రంజన్‌ల సుక్క లేదు."

పొలమారకూడదని ముగ్గురూ మాట లేకుండా తిన్నారు.