ఆట కార్డు, అక్షరాల కార్డు

"సిగ్గే లేదా మీకు?"

వానలో తడిసి, మెట్లెక్కి వచ్చి, ఎదురుగా నిలబడిన ముక్కూమొహం తెలియని మనిషి మొదటి మాటగా ఇదే అడిగితే ఏ ఆడపిల్లకైనా ఎలా ఉంటుంది? చిలుకమ్మకూ అలాగే ఉంది. టైపు మిషన్ మీద ఆమె వేళ్లు ఆగిపోయాయి.

"సిగ్గు ఎవరికి లేదు? బురద చెప్పులతోని లోపటికొచ్చినోళ్లకా, కూసోని పని చేసుకునేటోళ్లకా?"

"అయ్యో, నేను గట్ల అడగలే మేడం. సీజీఏ లేదా అన్న."

పైన రేకుల కప్పు. రేకుల మీద వాన. ఆ మోతలో సీజీఏ కాస్తా సిగ్గయి ఆమె చెవిని చేరింది.

"సీజీఏ అంటే?"

"గ్రాఫిక్స్ కార్డు. కంప్యూటర్ల బొమ్మలు రంగుల్ల కనవడాలంటే లోపట పెడతరు. రావు సారు తెప్పిస్తాన అన్నడు."

"ఆ మాట ముందుగల చెప్పాలె."

"ముందుగల చెప్పింది అదే మేడం."

చిలుకలు మిరపకాయలు తింటాయి. ఈ చిలుకమ్మ తినదు, మాట్లాడుతుంది. అతని పేరు సారంగపాణి. ఆ పూట వరంగల్ చౌరస్తాలో కురిసిన వానకు అతను నిజంగానే సారంగ'పానీ' అయ్యాడు. జుట్టు నుంచి కారిన నీళ్లు ఆమె టైపు చేసిన కాగితం మీద పడ్డాయి. ఆమె కాగితం వైపు చూసింది, అతని వైపు చూసింది. రెండిట్లో ఏది పిండి ఆరేయాలో తేల్చుకోలేక తువ్వాలు అందించింది.

అది ఎనభై ఎనిమిదో సంవత్సరం. రాజేశ్వర్ రావు తన టైపు ఇన్‌స్టిట్యూట్‌లోకి ఒక కంప్యూటర్ తెచ్చాడు. ముహూర్తం చూసుకుని మరీ తెచ్చాడు గానీ ముసురు చూసుకోలేదు. చేరిన నలుగురూ వానకు బడి మానేశారు. వానాకాలం చదువంటే ఏమిటో ఊరికి అలా తెలిసింది.

చిలుకమ్మ రఘునాథపల్లి పిల్ల. అక్కడ టైపు హయ్యర్ పాసై, ఇక్కడ మేనత్త ఇంట్లో ఉంటూ నేర్పుతోంది. సారంగపాణిది కొత్తవాడ. కొత్తవాడ నిండా నేతలే. ఓట్లడిగే నేతలు కారు, జంపఖానాలు నేసే నేతలు. ఆ ఇంట పుట్టి అతను మగ్గం వదిలి టీవీల రిపేరు నేర్చాడు. సాయంత్రాలు పిల్లలతో కంప్యూటర్ ఆటలు ఆడిస్తే నాలుగు రాళ్లొస్తాయని రావు అతన్ని పిలిపించాడు.

ఇద్దరినీ ఎదురుగా నిలబెట్టి రావు సంగతి చెప్పాడు.

"హైదరాబాద్ ఆయన రెండు కార్డులు పంపిండు, ఏ కార్డుకు ఆ తెర. ఒకటి రంగులది, ఒకటి నలుపు తెలుపు మోనో. చూసి ఒకటి ఉంచుకొమ్మన్నడు. రంగులది మంచిదైతే ఇది ఆటల దుకాణం, పాణి ఉంటడు. మోనో మంచిదైతే ఇది కంప్యూటర్ బడి, చిలుకమ్మ ఉంటది."

"ఒకరే ఉంటరా సార్?" అంది చిలుకమ్మ.

"ఇద్దరికి జీతమిచ్చే తాకత్ నాకు లేదమ్మా. శనివారం లోపట ఎవరికి వాళ్లు వచ్చి నాకు చెప్పుండ్రి."

జీవితంలోంచి ఒక్క అక్షరం జారిపోతే జీతం. ఆ జీతమూ జారిపోతే సారంగపాణికి మిగిలేది భివండి బండి. అన్న అప్పటికే ఆ మహారాష్ట్ర ఊరి పవర్లూముల్లో ఉన్నాడు. పోయినేడు వచ్చినప్పుడు మాటకో దగ్గు దగ్గాడు. ఈసారి రాలేదు.

బయట వానకు తెరిపి లేదు. లోపల తెరలకు పని పడింది.

ముందు రంగుల కార్డు పెట్టాడు. పేరుకు నాలుగు రంగులు. నలుపూ తెలుపూ తీసేస్తే మిగిలినవి గులాబీ, నీలం. తెర మీద హెలికాప్టర్ ఎగిరింది.

"ఆకాశం గులాబీగ ఉన్నదేంది?"

"పొద్దుగూకుతాంది మేడం."

"చెట్టు గూడ గులాబీనే."

"చెట్టుకు గూడ పొద్దుగూకుతాంది."

ఆమె నవ్వకూడదనుకుంది. పెదవి బిగించింది గానీ కళ్లు బిగించడం కుదర్లేదు. ఆ చూపు తగలగానే హెలికాప్టర్ కొండకు గుద్దుకుంది.

"నన్ను చూస్తే గుద్దుకుంటది. తెర చూడుండ్రి," అంది. "ఇప్పుడు నా అక్షరాలు చూపెట్టుండ్రి."

చూపెట్టాడు. అక్షరాలు తడి కాగితం మీద సిరాలా అలుక్కుపోయి ఉన్నాయి.

"ఇది ఇంగ్లిషు ఈనా, సీనా?"

"మీ ఇష్టం. ఏదనుకుంటే అది."

"గంటసేపు దీన్ని చూస్తే కండ్లకెల్లి నీళ్లు కారతయి."

"కారనియ్యుండ్రి. వాన గదా, ఎవరికీ తెల్వది."

కార్డు మార్చి మోనో పెట్టాడు. అక్షరాలు కొత్త రిబ్బన్ వేసిన టైపు మిషన్ కొట్టినట్టు దిగాయి. సున్నాకు సున్నా, ఓకు ఓ. చిలుకమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది. అన్నం చూసిన మనిషిలా చూసింది.

"మరి హెలికాప్టర్ ఏది?"

"రాదు. ఆ ఆట రంగుల కార్డుకోసం రాసింది. దీనికి దాని మాట తెల్వది."

"మల్ల ఇప్పుడిదేం చేస్తాంది?"

"అలిగింది."

చదరంగం ఆట ఒక్కటి మాత్రం నడిచింది. నల్ల గళ్లు నల్లగా, తెల్ల గళ్లు తెల్లగా, చక్కగా. కానీ చౌరస్తాలో ఏ పిల్లవాడు పైసలిచ్చి చదరంగం ఆడతాడు?

అలా ఆ వారమంతా ఒక కార్డు తీయడం, ఇంకొకటి పెట్టడం. ఆ సందుల్లోనే మాటలు. భివండి సంగతి ఆమె అలాగే విన్నది. "తమ్ముడు, నువ్వు మటుకు రాకు" అన్నాడట అన్న, బండెక్కేటప్పుడు. ఆమె సంగతీ అతను అలాగే విన్నాడు. రఘునాథపల్లిలో ఎండాకాలంలోనే బావి ఎండి పంట పోయింది. నౌకరీ పోతే తను మళ్లీ ఎవరి చేనులోనో కలుపు తీయాలి.

"టైపు చేసిన వేళ్లు గదా, కలుపు తీసుడు మరచినయి," అని నవ్వింది.

ఈసారి సారంగపాణి నవ్వలేదు. అతని మాటల్లోంచి 'మేడం' జారిపోయింది ఆ రోజే. దాని స్థానంలో ఏం పెట్టాలో తెలియక ఖాళీగా వదిలేశాడు.

గురువారం సాయంత్రం అతను రావు దగ్గరికి వెళ్లి చెప్పాడు. "రంగుల కార్డు దండుగ సార్. అక్షరం అలుకుతది. తెర ధర ఎక్కువ."

అతను చెప్పినట్టు తెలియని చిలుకమ్మ శుక్రవారం పొద్దున్నే వెళ్లి చెప్పింది. "మోనో దండుగ సార్. దానిల ఆటలు రావు. పిల్లలు రారు."

రావు ఇద్దరికీ తల ఊపాడు. ఆయన తల ఊపితే గోడ గడియారం ఊగినట్టే; అవునో కాదో దాన్ని బట్టి తెలియదు.

శుక్రవారం సారంగపాణి పనికి రాలేదు. చిలుకమ్మ మధ్యాహ్నం దాకా మెట్ల వైపు చూసి, గొడుగు తీసుకుని కొత్తవాడ వెళ్లింది. 'నీ నౌకరీ ఉంటది, నేను పోతాన' అని తనే చెప్పాలనుకుంది. అతను లేడు. కాజీపేట స్టేషనుకు బండి కనుక్కోవడానికి వెళ్లాడు. ఇంట్లో తల్లి మొగిలమ్మ ఒక్కతే ఉంది, మగ్గం ముందు.

పెద్ద జంపఖానా మగ్గం అది. ఇద్దరు పక్కపక్కన పలక మీద కూర్చుని నేయాలి. ఈ చివరి నుంచి ఒకరు నూలు అందిస్తే ఆ చివర ఇంకొకరు అందుకోవాలి. మొగిలమ్మ పెనిమిటి పోయి రెండేళ్లు. అప్పటి నుంచి ఆమె తన సగంలో కూర్చుని సగం వెడల్పు చిన్నవి నేస్తోంది. రెండో సగం ఖాళీ. ఆ ఇంటి పద్ధతి ప్రకారం అక్కడ పరాయివాళ్లు కూర్చోరు, కొడుకు కూడా కూర్చోలేదు. ఇంటికి కొత్తగా వచ్చే కోడలు మొదట కూర్చోవాల్సిన చోటు అది.

చిలుకమ్మకు ఇదేం తెలుసు? ఆమె ఇంటివాళ్లూ పూర్వం నేతవాళ్లేనట గానీ, తాత నాడే మగ్గం పోయి నాగలి వచ్చింది. ఆమెకు కనిపించిందల్లా కురుస్తున్న పెంకులు, ఇల్లంతా గిన్నెలు, ప్రతి గిన్నెలో టప్పు టప్పుమని చుక్కలు. కాలు పెట్టే చోటు లేదు. పొడిగా ఉన్నది పలక ఒక్కటే. వెళ్లి కూర్చుంది.

మొగిలమ్మ చేయి ఆగింది. తర్వాత మెల్లగా నూలు ఉండ ఇటు నెట్టింది. మర్యాదకు చిలుకమ్మ అందుకుని మళ్లీ అటు నెట్టింది.

"ఏ ఊరు బిడ్డా?"

"రఘునాథపల్లి."

"నాయిన పేరు?"

"సారయ్య."

"ఇంటికాడ దొరుకుతడా?"

"ఈ వానకు యాడికి పోతడు. మీ కొడుకొస్తే నేనొచ్చిపోయిన అని చెప్పుండ్రి."

"నువ్వొచ్చినట్టు నేను చెప్పక ఎవరు చెప్తరు బిడ్డా," అంది మొగిలమ్మ. కొంగుతో ముఖం తుడుచుకుంది. గిన్నెల్లో చుక్కలు పడుతూనే ఉన్నాయి.

శనివారం తెల్లారి ఆమె కొడుకుకు 'పనుంది' అని మాత్రం చెప్పి పాసింజర్ ఎక్కింది.

అదే రోజు మధ్యాహ్నం ఇన్‌స్టిట్యూట్‌లో బల్ల మీద కంప్యూటర్ మూత తీసి ఉంది. లోపల కార్డు ఉండాల్సిన చోట సందు.

"రెండూ వాపస్ పంపిన," అన్నాడు రాజేశ్వర్ రావు.

"రెండా?" అన్నారిద్దరూ.

"రెండే. ఆటలోడే ఆట కార్డు దండుగ అన్నడు. బడి పంతులమ్మనే బడి కార్డు దండుగ అన్నది. ఎవరి సరుకు సంగతి వాళ్లకే గదా ఎరుక. పొద్దుగాల బస్సుల ఏసిన. ఒకటో తారీఖు నుంచి మీరిద్దరూ రానక్కర్లేదు."

రేకుల మీద వాన పెద్దదైంది. సారంగపాణి చిలుకమ్మ వైపు తిరిగాడు.

"మోనో మంచిగలేదని నువ్వు చెప్పినవా? దాన్ని జూస్తే నీ మొకం వెలుగుతుండె."

"హెలికాప్టర్ లేపినప్పుడు నీ మొకం చూసుకున్నవా నువ్వు? మరి రంగులది దండుగని నువ్వెట్ల చెప్తవు?"

"నువ్వు కలుపు తియ్యవోతవని."

"నువ్వు భివండి పోతవని."

రావు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "అంటే అబద్ధం చెప్పిన్రా నాకు?"

"అబద్ధం గాదు సార్," అన్నాడు సారంగపాణి. "అక్షరం అలుకుతది నిజమే. ఆట మంచిగొస్తదని చెప్పలే, అంతే."

"నేను గూడ సార్. ఆట రాదని చెప్పిన. అక్షరం సంగతి ఎత్తలే."

"బాగున్నది. కార్డు లేకుంటనే నాతోటి ఆట ఆడిన్రు ఇద్దరు." రావు కళ్లద్దాలు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. "ఇప్పుడన్న సక్కగ చెప్పు పాణీ. ఏది ఉంచుకోవాలె?"

సారంగపాణి గొంతు సవరించుకున్నాడు. తన మీద తనే తీర్పు చెప్పుకోవాల్సిన మనిషి అంతకంటే ఏం చేస్తాడు?

"ఆటకైతే రంగులదే సార్, దానికి సాటి లేదు. పెట్టిన పైసలకు మాత్రం మోనో. బడి పొద్దంత నడుస్తది. ఆట సాయంత్రం పూట, అది గూడ వాన లేకుంటే."

"అయితే మోనో తెప్పిస్త. చిలుకమ్మ ఉంటది." రావు తల ఊపాడు. ఈసారి ఆ ఊపుకు అర్థం స్పష్టంగానే తెలిసింది.

చిలుకమ్మ ఏదో అనబోయింది. అంతలో మెట్ల మీద చప్పుడైంది. ముందు మొగిలమ్మ, వెనక గొంగడి కప్పుకున్న సారయ్య. ఇద్దరూ నీళ్లు కారుతున్నారు.

"నాయినా, నువ్వేంది ఇక్కడ?" అంది చిలుకమ్మ.

"నువ్వే జెప్పాలె బిడ్డా. ఈ అక్క పొద్దుగాల వచ్చి, నీ బిడ్డె మా ఇంటిదైంది, ఇగ పెండ్లి మాటముచ్చట కానిద్దాం అన్నది. మనిషి మంచిగ మాట్లాడింది, వచ్చిన." సారయ్య కూతురు పక్కనున్న యువకుణ్ని ఎగాదిగా చూశాడు. "పిలగాడు ఈయననేనా? ఏం పని చేస్తడు?"

"ఇప్పటిదాక ఈడ చేసిన. ఇగ లేదు," అన్నాడు సారంగపాణి. "రేపటి సంది అమ్మతోని మగ్గం మీద కూసుంట, నాయిన జాగల. భివండిల నేసేది ఈడనే నేస్త."

"ఆ జాగ నీది గాదు కొడుకా," అంది మొగిలమ్మ. "దానిల మనిషి కూసున్నది."

"ఎవరు?"

"గీ పిల్లనే. నిన్న. ఎవరు చెప్పకుంటనే, సక్కగ వచ్చి మీ నాయిన జాగలనే కూసున్నది. నూలు గూడ అందిచ్చింది. నేనేం అడగలే సారయ్యన్నా, అడిగే పనే పెట్టలే."

అందరూ చిలుకమ్మ వైపు చూశారు. ఆమె చూపు మొగిలమ్మ మీద నిలిచింది. వానలో రఘునాథపల్లి దాకా పోయి వచ్చిన ఆ ముసలి ముఖంలో ఉన్న వెలుగు చూస్తే చెప్పబుద్ధి కాలేదు. కానీ చెప్పకపోవడం వల్ల ఏమవుతుందో ఇప్పుడే చూసింది.

"అత్తా, నాకు మీ ఇంటి పద్ధతి ఎరుకలేదు. ఇల్లంత కురుస్తాంది, అన్ని దిక్కుల గిన్నెలున్నయి. ఆ పలక ఒక్కటే పొడిగున్నదని కూసున్న. నూలు నువ్విస్తే మర్యాదకు అందుకున్న. నేనొచ్చింది ఈయన నౌకరీ ముచ్చట చెప్దామని."

సారయ్య గొంగడి సర్దుకున్నాడు. రావు పెట్టుకోబోయిన కళ్లద్దాలు చేతిలోనే ఉండిపోయాయి. మొగిలమ్మ కొంగు నీళ్లు పిండుతూ తల దించుకుంది.

"అయితే తెల్వక కూసున్నవా బిడ్డా," అంది.

"తెల్వక కూసున్న." చిలుకమ్మ ఆమె చేతిలోని కొంగు తీసుకుని మిగిలిన నీళ్లు తనే పిండింది. "ఇప్పుడు తెలిసింది గదా. ఈసారి తెలిసే కూసుంట."