ఒక్క మూల తేడా

లిఫ్ట్ మెకానిక్ చేతిలోని రూబిక్స్ క్యూబ్ ఎగిరిపడిందంటే ఆమె భుజం తగలడం వల్లే. ల్యాబ్‌కి ఆలస్యమైందని పరుగున వస్తూ, లిఫ్ట్ పక్కన స్టూల్ మీద కూర్చున్న మనిషిని ఆమె చూసుకోలేదు. మామూలు క్యూబ్‌కి వరసకి మూడు గళ్లుంటే దానికి ఏడు. కింద పడగానే సగానికి సగం ఊడిపోయి, రంగురంగుల ముక్కలు మెట్లదాకా దొర్లాయి.

ఆమె ముక్కలన్నీ ఏరి సంచిలో వేసుకుంది. నాలుగో అంతస్తులో బాబాయి ల్యాబ్‌లో కట్టుడు పళ్లు తయారుచేయడం ఆమె పని. చిన్న చిన్న ముక్కలతో పని ఆమెకి కొత్త కాదు. రెండు రోజుల్లో బాగుచేసి ఇస్తానని మాటిచ్చి, పట్టకారుతో ఒక్కొక్కటీ బిగించి ఇచ్చింది. అతని చేతిలో ఉన్నప్పుడు రంగులు కలగాపులగంగా ఉన్నాయి కదా అని, అలాగే అమర్చింది కూడా.

మర్నాడు టీ వేళకి అతను పైకొచ్చాడు. ఇది తన వల్ల కావడం లేదనీ, బిగించినవాళ్లకే దీని గుట్టు తెలిసుంటుందనీ మర్యాదగా అన్నాడు. తనకసలు క్యూబే రాదని ఆమె ఒప్పుకుంది. అయితే తనకొచ్చినంతవరకు నేర్పుతానన్నాడు.

ఆరు వైపులా నడిమి గళ్లు ఒక్కో రంగుకి తేవాలి. ఆ తర్వాత అంచు ముక్కల్ని జతకట్టాలి. ఆపైన అంత పెద్ద క్యూబూ చిన్నదానిలా మాట వింటుంది. ఇదంతా ఆమెకి పట్టుబడేసరికి ఆరు వారాలు పట్టింది. అన్నాళ్లూ లిఫ్ట్ చూడాలంటూ అతను రోజు విడిచి రోజు వచ్చేవాడు. మన లిఫ్ట్‌కి ఇంత వైద్యం ఎన్నడూ జరగలేదని బాబాయి ఆశ్చర్యపోయాడు.

చివరికి ఒక్క మూల తప్ప అన్నీ కుదిరాయి. ఎన్ని తిప్పులు తిప్పినా ఒక మూల ఒక్కటే మెలిపడటం జరగదని అప్పటికామెకు తెలుసు. అంటే తనే తప్పు బిగించింది. అతను బొటనవేలితో ఆ మూలని నొక్కి తిప్పాడు. టక్కున సర్దుకుంది.

"మీకిది ఎప్పుడు తెలిసింది?"

"మొదటిరోజే."

ఆమె ముఖం మాడిపోయింది. ఇన్నాళ్లూ తనని ఆటపట్టించాడనుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ తర్వాత నాలుగు రోజులు లిఫ్ట్ వంక చూడకుండా నాలుగంతస్తులూ మెట్లెక్కింది. ఐదోరోజు మూడో అంతస్తు మెట్టు మీద అతను కూర్చుని ఉన్నాడు.

"అబద్ధమాడాను, తప్పు నాదే," అన్నాడు. "లిఫ్ట్ నెలకొకసారి చూస్తే చాలండీ. ఆ మూల సరిచేసేస్తే మీ దగ్గరికి రావడానికి నాకింకేం వంక ఉంటుంది? మీరంటే ఇష్టం. అది మాత్రం అబద్ధం కాదు."

ఆమె ఆయాసం ఆపుకోలేక అతని పక్కనే కూలబడింది.

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా?"

"కాదంటారని భయం."

"ఇప్పుడు కాదనడానికి నాకు ఊపిరి కూడా లేదు," అంటూ నవ్వేసింది. "పదండి, బాబాయితో చెబుదాం."

బాబాయి సుద్దపిండి అంటిన చేతులు కడుక్కుని, అంతా నింపాదిగా విన్నాడు. అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, నోరు తెరవమన్నాడు. అతను తెరిచాడు. బాబాయి పైవరసా కిందివరసా పరీక్షగా చూశాడు.

"పళ్లు బాగున్నాయి," అన్నాడు. "ఆదివారం ఇంటికి రా అబ్బాయ్. ఈలోగా మా అన్నయ్యతో నేను మాట్లాడతాను."

నోరు మూయొచ్చని అతనికి ఆమే చెప్పాల్సొచ్చింది.