డంగు సున్నం గోడ

పొద్దున్నే టీ గిన్నె దించి హాల్లోకి వచ్చిన సావిత్రికి చాప మీద సిమెంటు పెచ్చులు కనిపించాయి. నెలలో ఇది మూడోసారి. గోడకు చెయ్యి ఆనిస్తే తడి.

సూర్యాపేట బజారులో ఆ మేడకు అరవై ఏళ్లు. గానుగలో నూరిన డంగు సున్నం పూసిన ఆ గోడలను ఆమె మామ చంద్రయ్య చిన్నప్పుడు, తన తండ్రి పక్కన నిలబడి గుండ్రాయితో నున్నగా రుద్దాడు. మొన్న ఎండాకాలంలో ఆయన ఊళ్లో లేని వారం చూసి, ఆయన కొడుకు, సావిత్రి భర్త భాస్కర్ వాటి మీద సిమెంటు పూయించాడు. మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే భాస్కర్‌కు సిమెంటును మించింది లేదు.

ఈ రోజు రెండో పూత వేయడానికి మేస్త్రీ పాపయ్య వచ్చాడు. పూత మొదలైతే మిర్యాలగూడలోని చెల్లెలింటికి పోతానని చంద్రయ్య నిన్ననే చెప్పాడు. ఇప్పుడు సంచి భుజాన వేసుకుని మెట్లు దిగాడు.

"యాడికి నాయినా?" అన్నాడు భాస్కర్.

"నీకెందుకు? గోడకు ఊపిరాడకుండ జేసినవ్. నాకు గూడ ఆడతలేదు."

"గోడకు ఊపిరేంది? ఇంకో పూత పడితే తడి బందయితది."

"బందయితే లోపలున్న తడి యాడికి పోతది? సున్నం తాగిన నీళ్లను సున్నమే బయటికి ఇడుస్తది. నువ్వు మూత పెట్టినవ్."

"పదిహేనేండ్ల సంది సిమెంట్ చేస్తున్న. నాకు ఎర్క లేదా?"

"చేసుడు ఎర్కే. పూసుడు ఎర్క లేదు."

"నేను జర చాయ్ తాగొస్త" అని మేస్త్రీ పాపయ్య మెల్లగా జారుకున్నాడు.

సావిత్రి వంగి చాప మీది పెచ్చులు ఏరసాగింది. సిమెంటు ఆలోచన భాస్కర్‌ది కాదు. కోదాడలో కొత్తిల్లు కట్టుకున్న ఆమె అక్క వచ్చి, "ఈ పాత గోడల మధ్య ఎట్టా ఉంటున్నావే" అని నవ్విపోతే, తనే మొగుణ్ని పది రోజులు పోరింది. మామ తిట్లన్నీ అతనే మోశాడు. ఒక్కనాడూ ఆమె పేరెత్తలేదు.

చంద్రయ్య గడప దగ్గరికి చేరాడు. సావిత్రి మూలనున్న గడ్డపార తీసి గోడ మీద కొట్టింది. పెద్ద పెచ్చు ఊడిపడింది.

"పిచ్చి లేసిందా నీకు?" అన్నాడు భాస్కర్.

"మామా, సిమెంట్ అడిగింది నేను. ఈయన గాదు. మా అక్క నవ్వితే నామోషీ అయింది. ఇల్లు ఇడిసి పోతే నేను పోవాలె, నువ్వు గాదు."

మళ్లీ కొట్టింది. చంద్రయ్య కొడుకు వైపు చూశాడు.

"మరి నాకు జెప్పలే?"

"ఏం జెప్పాలె నాయినా" అన్నాడు భాస్కర్ తల దించుకుని.

చంద్రయ్య సంచి కింద పెట్టాడు. వెనక్కి వచ్చి, బయటపడిన సున్నం మీద అరచెయ్యి ఆనించాడు. తర్వాత కోడలి చేతిలోని గడ్డపార తీసుకున్నాడు.

"దీంతోని కొడితే సున్నం గూడ ఊడొస్తది బిడ్డా. సుత్తె, ఉలి తే. పైనుంచి మెల్లగ రావాలె. అరేయ్, నిచ్చెన వట్టు."

భాస్కర్ నిచ్చెన పట్టుకున్నాడు. కింద నిలబడి ఉలి అందిస్తున్న సావిత్రికి కన్నీళ్లు ఆగలేదు.

"ఇగ ఏడువకు" అన్నాడు చంద్రయ్య పైనుంచి. "గోడకున్న తడి చాలు."